తరువాయి భాగం... ప్రపంచమంతా!

అత్తలు, కోడళ్లు, కుట్రలు, కన్నీళ్లు... 'సీరియల్ అంటే ఇంతేగా' అని తీసిపారేస్తాం. కానీ ఆ సీరియలే ఒక దేశంలో లక్షల మందికి అక్షరాలు దిద్దించింది. మరో దేశంలో ఇంట్లో పిల్లల సంఖ్యను తగ్గించింది. ఇంకోచోట మొగుడూ పెళ్లాల మధ్య గొడవ పెట్టింది. అందుకే... ఓసారి ప్రపంచ సీరియల్ యాత్ర చేసొద్దాం!

సాయంత్రం ఏడున్నర. వంటింట్లో కుక్కర్ మూడో విజిల్ వేసింది. ఎవరూ లేవలేదు. హాల్లో నానమ్మ కుర్చీని ఇంకాస్త ముందుకు జరుపుకొంది. 'దీని మొహం మండా... పాలల్లో ఏదో కలిపేసిందే!' అంటూ టీవీలోని ఆడపడుచుని తిట్టిపోస్తోంది. కోడలి చేతిలో సగం వలిచిన చిక్కుడుకాయలు అలాగే ఉండిపోయాయి. 'ఆ ఏడుపుగొట్టు సీరియల్ కట్టేసి వార్తలు పెట్టండర్రా' అని సణుక్కుంటూ వచ్చిన తాతయ్య ఓ క్షణం ఆగాడు. కాస్త తటపటాయించి, 'ఇంతకీ ఆ పాలు ఎవరు తాగారు?' అన్నాడు.

సరిగ్గా అప్పుడే తెరమీద అక్షరాలు... తరువాయి భాగం రేపు!

ఇది మన ఇళ్లలోనే జరుగుతుందనుకుంటే పొరపాటే. పెరూలో పనిమనుషులు, జపాన్‌లో అమ్మమ్మలు, సౌదీలో కొత్త పెళ్లికూతుళ్లు... అందరూ ఏదో ఒక కాలంలో ఇలా కుక్కర్‌ను మరిచిపోయినవాళ్లే. భాష వేరు, బట్టలు వేరు, వంటలు వేరు. ఆ కన్నీళ్లు మాత్రం ఒకటే.

సబ్బులు అమ్మిన కథ

సీరియల్‌ని ఇంగ్లిషులో 'సోప్ ఒపేరా' అంటారు. కథకీ సబ్బుకీ ఏమిటి సంబంధం? ఉంది. 1930ల్లో అమెరికాలో టీవీలు లేవు, రేడియోలే. పగటిపూట ఇంట్లో ఉండేది గృహిణులు. సబ్బులూ బట్టలసోడా పొడులూ కొనేదీ వాళ్లే. వాళ్లని రోజూ రేడియో ముందు కూర్చోబెట్టడం ఎలా? ఒక కథ చెప్పాలి. చెప్పి, సరిగ్గా ఉత్కంఠ దగ్గర ఆపేయాలి. అలా ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ లాంటి సబ్బుల కంపెనీలే డబ్బు పెట్టి మరీ కథలు చెప్పించాయి. దాంతో పత్రికలవాళ్లు వాటికి 'సోప్' అన్న ముద్దుపేరు తగిలించారు. అదే స్థిరపడిపోయింది.

ఈ విద్యలో ఆరితేరిన మనిషి ఇర్నా ఫిలిప్స్. అంతకుముందు టీచరమ్మ. 1930లో షికాగో రేడియో కోసం 'పెయింటెడ్ డ్రీమ్స్' రాసింది. 1937లో ఆమె మొదలుపెట్టిన 'గైడింగ్ లైట్' రేడియోలో పుట్టి, 1952లో టీవీకెక్కి, 2009 దాకా నడిచింది. అంటే మొత్తం 72 ఏళ్లు! అమ్మమ్మ మొదలుపెట్టిన సీరియల్‌ని మనవరాలు ముగించిందన్నమాట. బ్రిటన్‌లో 'కొరొనేషన్ స్ట్రీట్' సంగతి మరీ విచిత్రం. 1960 డిసెంబరు 9న మొదలైన ఆ వీధి కథలో తొలి ఎపిసోడ్‌లోనే కనిపించిన విలియం రోచ్, 60 ఏళ్లు దాటినా అదే పాత్రలో కొనసాగారు. కుర్రాడిగా అడుగుపెట్టి, తెరమీదే తాతయ్య అయ్యారు!

బస్తా బియ్యానికి ఓ పసిపిల్ల

1983 ఏప్రిల్. జపాన్‌లో ఎన్‌హెచ్‌కే టీవీ ఓ కొత్త సీరియల్ మొదలుపెట్టింది. పేరు 'ఒషిన్'. రోజూ పొద్దున్నే పావుగంట. కథ సుగాకో హషిదా అనే రచయిత్రిది. పేద కౌలు రైతు ఇంట్లో పుట్టిన ఒషిన్‌ని ఏడేళ్ల వయసులో బియ్యం కోసం పరాయి ఇంట పనికి పంపేస్తారు. మంచు కురుస్తున్న నదిలో తెప్ప కదులుతుంటే గట్టుమీద నిలబడి ఏడ్చే తల్లిదండ్రులు... ఆ ఒక్క దృశ్యం జపాన్‌ని కదిలించేసింది. అక్కడినుంచి పనిపిల్లగా, జుట్టు ముడులు వేసే పనిమంతురాలిగా, యుద్ధంలో అన్నీ పోగొట్టుకున్న తల్లిగా, చివరికి సూపర్‌మార్కెట్ల యజమానురాలిగా ఎదిగిన ఓ బామ్మ జీవితమే ఈ కథ.

సగటున నూటికి 52 ఇళ్లకు పైగా ఈ సీరియల్ చూశాయి. కార్లూ టీవీలూ తయారుచేసి సంపన్నమైన జపాన్‌కి, తన అమ్మమ్మలు ముల్లంగి ముక్కలు కలిపిన గంజి అన్నం తిన్న రోజుల్ని గుర్తుచేసిందా పిల్ల. ఆ తరవాత 60కి పైగా దేశాలు ఒషిన్‌ని తమ ఇంటి పిల్లనే చేసుకున్నాయి. వియత్నాంలో ఇంటిపని చేసే మనిషిని ఇప్పటికీ 'ఒషిన్' అనే అంటారు. ఇరాన్‌లో వాడిన బట్టలు అమ్మే దుకాణాలకి 'తనాకూరా' అని పేరొచ్చింది. ఒషిన్ అత్తింటివారి ఇంటిపేరు అది! నిఘంటువులోకి ఎక్కిన సీరియల్ అంటే ఇదే మరి.

కుట్టుమిషను మహిమ

ఇప్పుడు కాస్త వెనక్కి వెళ్దాం. 1969, పెరూ దేశం. 'సింప్లెమెంటె మారియా'... అంటే 'ఉత్తి మారియా' అనే సీరియల్ మొదలైంది. కొండప్రాంతపు పల్లెనుంచి బతుకుతెరువు కోసం నగరానికొచ్చిన పనిపిల్ల మారియా. డబ్బున్న కుర్రాడు ప్రేమించానన్నాడు. కడుపు చేసి మొహం చాటేశాడు. మన పాత సినిమాల్లో అయితే ఇక్కడ నూతిలో దూకే దృశ్యం రావాలి. మారియా దూకలేదు. రాత్రిబడికి వెళ్లి అక్షరాలు నేర్చుకుంది. సింగర్ కుట్టుమిషను మీద బట్టలు కుట్టింది. కుట్టీ కుట్టీ పేరున్న ఫ్యాషన్ డిజైనర్ అయింది. చదువు చెప్పిన మాస్టారు ఎస్తెబాన్ ఏళ్ల తరబడి ఆమె కోసం ఎదురుచూశాడు.

ఆ ఇద్దరి పెళ్లి చిత్రీకరణ రోజున ఏమైందో తెలుసా... లిమా నగరంలోని చర్చి దగ్గరికి దాదాపు 10 వేల మంది జనం వచ్చేశారు. ఊరికే చూడటానికి కాదు, పెళ్లికి వచ్చినట్టే మంచి బట్టలు కట్టుకుని, బహుమతులు పట్టుకుని! ఇళ్లలో పనిచేసే అమ్మాయిలు 'మేమూ రాత్రిబడికి వెళ్తాం' అని యజమానురాళ్లని అడగడం మొదలుపెట్టారు. కుట్టు నేర్చుకోవడానికి బారులుతీరారు. సీరియల్ వెళ్లిన ప్రతి దేశంలోనూ కుట్టుమిషన్లకి గిరాకీ పెరిగింది. సబ్బులు అమ్మడానికి పుట్టిన కథ, ఎవరూ ఊహించకుండానే చదువునీ అమ్మేసింది.

'ఊహించకుండానే' అన్న ఆ మాట దగ్గరే ఒకాయన ఆగిపోయారు.

పాతికవేల మంది... ఒకటే పుస్తకం

ఆయన మెక్సికోకి చెందిన టీవీ నిర్మాత మిగెల్ సబిదో. మారియా విజయాన్ని విప్పి చూశారాయన. పొరపాటున జరిగిందాన్ని పనిగట్టుకుని చేయలేమా అనుకున్నారు. మనిషి చూసి నేర్చుకుంటాడన్న మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా సిద్ధాంతం తోడైంది. దాంతో ఓ సూత్రం తయారుచేసుకున్నారు. కథలో మూడు రకాల మనుషులుండాలి. మంచివాళ్లు, చెడ్డవాళ్లు, మధ్యలో ఊగిసలాడేవాళ్లు. అసలు కీలకం ఈ మూడోవాళ్లే. తప్పులు చేస్తూ, భయపడుతూ, మెల్లగా మారుతూ ఉంటారు. టీవీ ముందు కూర్చున్న మనిషి తనని తాను చూసుకునేది వాళ్లలోనే.

1975లో 'వెన్ కొన్‌మిగో' మొదలైంది. 'నాతో రా' అని అర్థం. చదువురాని పెద్దవాళ్లు వయోజన తరగతిలో చేరే కథ. ఒక ఎపిసోడ్ చివర్లో 'ఉచిత పాఠ్యపుస్తకాలు ఫలానాచోట దొరుకుతాయి' అని చెప్పారు. మర్నాడు మెక్సికో నగరంలోని ఆ కేంద్రానికి 25 వేల మంది వచ్చిపడ్డారు! వీధులు కిక్కిరిసిపోయాయి. ట్రాఫిక్ ఎక్కడికక్కడ ఆగిపోయింది. ఇచ్చేందుకు పుస్తకాలు చాల్లేదు. ఆ ఏడాది వయోజన విద్యలో పేర్లు రాయించుకున్నవారు 8 లక్షలకి పైనే. తరవాత 1977లో కుటుంబ నియంత్రణ మీద ముగ్గురు అక్కచెల్లెళ్ల కథతో 'అకొంపాన్యమె' తీశారు. అది నడిచిన ఏడాది కుటుంబ నియంత్రణ కేంద్రాలకి వచ్చే ఆడవాళ్ల సంఖ్య మూడోవంతు పెరిగిందని లెక్కలు చెప్పాయి.

సర్కారువారు గోడల మీద రాసిన నినాదాలు చేయలేని పని... అక్కచెల్లెళ్లు వంటింట్లో చెప్పుకున్న కబుర్లు చేశాయి!

మెక్సికో నుంచి మన ఇంటికి

1982లో మన కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రి వసంత్ సాఠే మెక్సికో వెళ్లారు. అక్కడ ఈ సీరియళ్ల సంగతి విన్నారు. మనమెందుకు చేయకూడదు అనుకున్నారు. అలా 1984 జులై 7న దూరదర్శన్‌లో పుట్టిందే... 'హమ్ లోగ్'! మనోహర్ శ్యామ్ జోషీ రచన. తాగుబోతు తండ్రి బసేసర్ రామ్, నోరులేని తల్లి భాగవంతి, పిల్లలు బడ్కీ, మఝ్‌లీ, ఛుట్కీ, లల్లూ, నన్హే... అప్పట్లో టీవీ ఉన్న ఇంటి వరండాలో కూర్చుని, హిందీ సగం అర్థమై సగం కాక చూసిన తెలుగువాళ్లకి ఈ పేర్లన్నీ గుర్తే. ఎపిసోడ్ చివర అశోక్‌కుమార్ వచ్చి పెద్దదిక్కులా నాలుగు మాటలు చెప్పేవారు. అమెరికాలో సబ్బు అయితే ఇక్కడ మ్యాగీ నూడుల్స్... ఈ కథకి స్పాన్సరు అదే!

మొదట్లో కుటుంబ నియంత్రణ పాఠాలు మరీ ఎక్కువయ్యాయి. జనం మొహం చిట్లించారు. పదమూడు ఎపిసోడ్లకే దారి మార్చి, పాఠం తగ్గించి కథ పెంచారు. అంతే... దేశం అతుక్కుపోయింది. సుమారు 4 లక్షల ఉత్తరాలొచ్చాయి.

కానీ ఇక్కడే ఓ చిక్కొచ్చింది. అన్నీ దిగమింగుకునే భాగవంతిని చూసి 'ఇలా ఉండకూడదు' అని జనం అనుకోవాలని రచయిత ఉద్దేశం. పరిశోధకులు వెళ్లి అడిగితే ఏం తేలింది? చాలామంది ఆమెనే ఆదర్శంగా తీసుకున్నారు. 'ఆడదంటే అలా ఓర్చుకోవాలి' అన్నారు! కథ చెప్పేవాడి చేతిలో ఉన్నంతసేపే కథ. ఇంట్లోకి వచ్చాక అది చూసేవాళ్ల సొత్తు. వాళ్లకి ఏం కావాలో అదే తీసుకుంటారు. సీరియల్ రాసేవాళ్లంతా బల్లమీద రాసి పెట్టుకోవాల్సిన పాఠమిది.

తెరమీద ఒక్కరు... ఇంట్లో ఇద్దరు

బ్రెజిల్‌లో ఎవరూ పాఠాలు చెప్పలేదు. 'గ్లోబో' చానల్ తన మానాన తను సీరియల్స్ తీసుకుంటూ పోయింది. వాటిలో హీరోయిన్లు అందంగా ఉంటారు. ఉద్యోగాలు చేస్తారు. ప్రేమిస్తారు, పోట్లాడతారు. పిల్లలు మాత్రం... ఉంటే ఒక్కరు, లేకపోతే అదీ లేదు. కథలో ఆరుగురు పిల్లల్ని పెడితే షూటింగ్ కష్టం కదా మరి!

కొన్నాళ్లకి ముగ్గురు ఆర్థికవేత్తలు ఈ సంగతి పట్టుకున్నారు. 1965 నుంచి 1999 దాకా వచ్చిన 115 సీరియళ్లని తిరగేశారు. యాభై ఏళ్లలోపు ముఖ్య స్త్రీ పాత్రల్లో నూటికి 72 మందికి అసలు పిల్లలే లేరు. 21 మందికి ఒక్కరే. ఇక నిజజీవితంలో? 1960లో బ్రెజిల్ తల్లికి సగటున ఆరుగురికి పైగా పిల్లలు. 2000 నాటికి ఇద్దరే, కాస్త అటూ ఇటూగా. ప్రభుత్వం గట్టిగా కుటుంబ నియంత్రణ ప్రచారం చేసిందా అంటే అదీ లేదు. చదువులూ నగరాలూ పెరగడం ఎలాగూ ఓ కారణం. అయితే గ్లోబో ప్రసారాలు ఏ ఊరికి ముందు చేరాయో ఆ ఊళ్లో కాన్పులు తగ్గడమూ కనిపించింది. పేద ఇళ్లలో ఆ ప్రభావం మరీ ఎక్కువట. ఆ ఊళ్లలో పుట్టినవాళ్లకి సీరియల్ పాత్రల పేర్లు పెట్టడం కూడా ఎక్కువేనని తేలింది.

మన దేశంలోనూ ఇలాంటి పరిశీలన జరిగింది. తమిళనాడు, బిహార్, హర్యానా సహా అయిదుచోట్ల పల్లెలకి కేబుల్ టీవీ రాకముందు, వచ్చాక ఆడవాళ్ల మాటల్లో తేడాని ఇద్దరు ఆర్థికవేత్తలు గమనించి 2009లో ప్రచురించారు. కేబుల్ వచ్చిన ఊళ్లలో 'మొగుడు కొట్టడం మామూలే' అనేవాళ్లు తగ్గారు. 'మగపిల్లాడే కావాలి' అన్న పట్టుదల తగ్గింది. ఆ రోజుల్లో కేబుల్‌లో ఎక్కువగా ఆడవాళ్లు చూసిందేమిటి? మనం వెక్కిరించే ఆ అత్తాకోడళ్ల సీరియల్సే! పట్నపు కోడలు తెరమీద ఏడుస్తున్నా సరే... ఆమె చదువుకుంది, డబ్బు లెక్క చూస్తోంది, ఒంటరిగా బయటికెళ్తోంది. పల్లెలోని ఆడమనిషి కన్నీళ్ల వెనకున్న ఆ సంగతిని కూడా చూసింది.

మీ ఆయన ముహన్నద్‌లా ఉంటాడా?

టర్కీలో 2005లో వచ్చిన 'గుముష్' సొంతగడ్డ మీద అంత సంచలనం కాదు. 2008లో ఎంబీసీ చానల్ దాన్ని సిరియా యాస అరబ్బీలోకి మార్చి, 'నూర్' అని పేరుపెట్టి ప్రసారం చేసింది. ఇంకేముంది... అరబ్ దేశాల్లో సాయంత్రాలు ఆగిపోయాయి. చివరి భాగాన్ని 8.5 కోట్ల మంది చూశారని చానల్ ప్రకటించుకుంది.

అంతగా ఏముంది అందులో? నీలికళ్ల హీరో ముహన్నద్. పోనీ అతనేమైనా కొండలు పిండిచేశాడా అంటే లేదు. భార్యకి పూలు తెచ్చాడు. ఆమె చెప్పేది విన్నాడు. ఫ్యాషన్ డిజైనర్ అవుతానంటే అండగా నిలబడ్డాడు. అంతే! 'నువ్వెప్పుడైనా ఇలా ఉన్నావా' అని భార్యలు అడగడం, భర్తలు ఉడుక్కోవడం, కార్టూనిస్టులు దానిమీద బొమ్మలు వేయడం... అన్నీ జరిగాయి. సౌదీలో మతపెద్ద ఈ సీరియల్ చూడొద్దన్నారు. జనం చూశారు. చూడటమే కాదు, ఇస్తాంబుల్‌లో ఆ సీరియల్ తీసిన భవంతిని వెతుక్కుంటూ విమానాలెక్కి మరీ వెళ్లారు.

సరిగ్గా ఇలాంటిదే మన సీరియల్‌కీ జరిగింది. 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ'ని అఫ్గానిస్థాన్‌లో దరీ భాషలో 'తులసి' పేరుతో చూపిస్తే కాబూల్ ఇళ్లన్నీ దానికే అతుక్కుపోయాయి. 2008లో అక్కడి ప్రభుత్వం భారతీయ సీరియళ్లు ఆపేయమని ఆదేశించాల్సి వచ్చింది. ఓ కోడలికి ప్రభుత్వమే భయపడిందన్నమాట!

వంటలక్క దాకా...

ఇక మన సంగతి. దూరదర్శన్‌లో మంజులా నాయుడు 'రుతురాగాలు', తరవాత జెమినీలో ఆమెవే 'చక్రవాకం', 'మొగలిరేకులు'... తెలుగు లోగిళ్లలో వేళల్ని శాసించిన పేర్లివి. రాధిక తమిళ సీరియల్ 'చిత్తి' తెలుగులోకి వచ్చి మనకి 'పిన్ని' అయింది. హిందీ 'బాలికా వధు' మనకి 'చిన్నారి పెళ్లికూతురు'గా వచ్చింది. అందులో చిన్నారిగా చేసిన అవికా గోర్‌ని 2013లో 'ఉయ్యాల జంపాల'లో చూసి 'అరె, మన పిల్లే' అనుకున్నాం.

2017లో వచ్చిన 'కార్తీకదీపం' అయితే మరో చరిత్ర. మలయాళంలోని 'కరుత్తముత్తు' దీనికి మాతృక. రెండుచోట్లా కథానాయిక ప్రేమి విశ్వనాథే. ఒంటిరంగు నల్లగా ఉందని అవమానాలు పడి, భర్త అనుమానానికి బలై, వంట చేసుకుంటూ ఆడపిల్లని పెంచుకున్న దీప... తెలుగింట 'వంటలక్క' అయి కూర్చుంది. 2023 జనవరి దాకా నడిచిన ఆ సీరియల్‌ని క్రికెట్ చూసే మగాళ్లు కూడా చాటుగా చూశారు. 'డాక్టర్ బాబుకి ఇంకా బుద్ధి రాలేదా' అని ఆఫీసుల్లో అడుగుకున్నారు.

ఇక్కడో మాట చెప్పుకోవాలి. నలుపు తప్పు కాదని చెప్పే కథ కోసం, తెల్లని నటికి నల్లరంగు పూశారు. మగాడి అనుమానం తప్పని చెప్పే కథ, ఆ అనుమానాన్నే ఏళ్ల తరబడి సాగదీసింది. మరి చూసిన ఆడపిల్ల ఏం నేర్చుకుంది? ఒంటిచేత్తో బతకొచ్చన్న దీప ధైర్యాన్నా... లేక ఎన్నేళ్లయినా మొగుడి మనసు మారేదాకా ఎదురుచూడాలన్న భాగవంతి ఓర్పునా? ఇంటింటికీ జవాబు వేరేగా ఉంటుంది. ఆ జవాబు మీదే ఆ ఇంటి ఆడపిల్ల బతుకు ఆధారపడొచ్చు కూడా.

అవునా... నిజమా!

* 1980 మార్చిలో అమెరికా సీరియల్ 'డాలస్'లో జేఆర్ అనే విలన్‌ని ఎవరో కాల్చారు. ఎవరన్నది చెప్పింది నవంబరులో! ఆ భాగాన్ని చూసినవాళ్లు సుమారు 8.3 కోట్లు.

* 1963 నవంబరు 22న 'యాజ్ ద వరల్డ్ టర్న్స్' సీరియల్ నడుస్తుండగా మధ్యలో ఆపేశారు. అధ్యక్షుడు కెనెడీపై కాల్పుల వార్త చెప్పడానికి.

* క్యూబాలో ప్రైవేటు హోటళ్లని 'పలదార్' అంటారు. బ్రెజిల్ సీరియల్ 'వాలె తూదో'లో కథానాయిక నడిపే హోటల్ పేరది.

* కొలంబియా సీరియల్ 'బెట్టీ'లో హీరోయిన్ పళ్లకి క్లిప్పు, కళ్లకి సోడాబుడ్డి అద్దాలు. 1999లో పుట్టిన ఆ అమ్మాయే 2003లో మన 'జస్సీ', 2006లో అమెరికా 'అగ్లీ బెట్టీ'.

చివరిగా...

యాభై ఏళ్లకి పైగా కిందట ఓ పనిపిల్ల కుట్టుమిషను తొక్కుతుంటే చూసి, ఎక్కడో ఓ నిజమైన పనిపిల్ల పలక పట్టుకుంది. దర్శకుడికి ఆ సంగతి తెలీదు. సబ్బు కంపెనీకి అక్కర్లేదు. కానీ జరిగింది. కాబట్టి ఈసారి సీరియల్ వేళకి నానమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంటే వెక్కిరించకండి. పక్కనే కూర్చోండి. 'ఆ అమ్మాయి ఎందుకు ఊరుకుంది నానమ్మా? నువ్వయితే ఏం చేసేదానివి?' అని అడగండి. ఏ రచయితా రాయని కథ ఆవిడ నోటినుంచి బయటికి రావచ్చు. ఇంట్లో ఇన్నేళ్లుగా ఎవరూ వినని కథ!

కుక్కర్ సంగతంటారా... నాలుగో విజిల్‌కి తాతయ్య లేచి కట్టేస్తాడు లెండి. పాలు ఎవరు తాగారో తెలిస్తేగానీ ఆయనకీ నిద్ర పట్టదు మరి!